తూనీగ ఎటు చూడాలి

మనిషి మీద మనిషి కుళ్ళుకోవడం లోకంలో ఉన్నదే. పక్కింటివాళ్ళ మీద, తోటికోడలి మీద, తనకన్నా వెనక చేరి తనకన్నా ముందు ప్రమోషన్ కొట్టేసినవాళ్ళ మీద ఏనాడూ కుళ్ళుకోని మనిషంటూ ఉంటే, ఆ మనిషిని ఒకసారి డాక్టరుకు చూపించాలి. కానీ తల నెరిసిన ఆడమనిషి, లైబ్రరీలో పిల్లల విభాగానికంతా పెద్ద, పాత దుప్పటి ముక్కతో కుట్టిన ఒక బొమ్మ మీద కుళ్ళుకోవడం మాత్రం చోద్యమే. కాకమ్మ కుళ్ళుకుంది. తిండి సహించనంతగా కుళ్ళుకుంది.

కాకమ్మ ఆమె అసలు పేరు కాదు. శనివారం పొద్దున లైబ్రరీకి వచ్చే పిల్లలు పెట్టిన పేరు. ఆ పూట ఆమె పుస్తకాల అరలు పక్కకు జరిపించి, గది మూల చెక్క చట్రం నిలబెట్టి, దానికి నల్లగుడ్డ కట్టి, వెనక చిన్న స్టూలు మీద కూర్చుని చేతిబొమ్మలు ఆడించేది. ఆమె బొమ్మ బడాయి కాకి. దానికి తెలియనిది లేదు, అలాగని అది బోల్తా పడని కథా లేదు. పడి లేచి రెక్కలు దులుపుకుని "నేను కావాలనే పడ్డాను" అనేది. ఆ మాట కాకికన్నా ముందు పిల్లలే అరిచేవాళ్ళు.

చేతిబొమ్మ ఆట చూసేవాళ్ళకు తేలిక. చూపుడు వేలు బొమ్మ తలలో, బొటనవేలు ఒక చేతిలో, నడిమి వేలు ఇంకో చేతిలో, అంతే కదా అనిపిస్తుంది. విద్యంతా ఆ తలలో ఉన్న వేలు ఎటు తిరుగుతుందన్న దాంట్లో ఉంది. నల్లగుడ్డకు కళ్ళెత్తున ఒక పలచటి జాలీ ముక్క కుట్టి ఉంటుంది. లోపలివాళ్ళకు బయట కనిపిస్తుంది, బయటివాళ్ళకు లోపల కనిపించదు. కాకమ్మ అందులోంచి ఒక పిల్ల ముఖం చూడగానే కాకి తల అటే తిరిగేది. గదినిండా ఎంతమంది పిల్లలుంటే అంతమందీ ఇంటికి వెళ్ళి, కాకి ఇవాళ నన్నే చూసిందని చెప్పుకునేవాళ్ళు.

"కన్ను ఎటో చెయ్యి అటు. చూపు నిలపని బొమ్మ బొమ్మే కాదు, మసిగుడ్డ" అని ఆమె చెల్లెలికి పని నేర్పేటప్పుడు చెప్పింది.

చెల్లెలిది కుట్టుపని. బొమ్మలన్నీ ఆమె కుట్టినవే. ఆటలో మాత్రం ఎలుక, ఎలుక తల్లి, అప్పుడప్పుడు వర్షం చప్పుడు, ఇవీ ఆమె వంతు. అక్క నీడలో ఒదిగి ఉండడం చిన్నప్పటినుంచీ అలవాటైన మనిషి. ఒకే భవనంలో కింద వాటాలో చెల్లెలు, ఆమె భర్త, వాళ్ళ కూతురు. పై వాటాలో కాకమ్మ.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. కాకమ్మ రచ్చ గెలిచి ఇంట ఓడింది. ఊరి పిల్లలంతా మెచ్చిన కాకిని చెల్లెలి కూతురు ఒక్కతీ మెచ్చలేదు. ఆ పిల్లను పిచ్చుక అని పిలుస్తారు. సంతోషం వచ్చినప్పుడు రెండు చేతులూ రెక్కల్లా ఆడిస్తుందని ఆ ముద్దుపేరు పెట్టింది కాకమ్మే. పిచ్చుకకు ఆటిజం ఉందని డాక్టర్లు పసితనంలోనే చెప్పారు. మాటలు వచ్చు. కాకపోతే సొంత మాటలకన్నా ఎక్కడో విన్న మాటలు అరువు తెచ్చుకుని వాడుకోవడం ఆ పిల్లకు ఇష్టం. లైబ్రరీ లిఫ్టు "తలుపులు మూసుకుంటున్నాయి, దయచేసి దూరంగా నిలబడండి" అంటుంది. ఎవరైనా మీదమీదకు వస్తే పిచ్చుక ఆ ముక్కనే, ఆ లిఫ్టు గొంతుతోనే, ఎంతో మర్యాదగా అనేది. ఆ వచ్చినవాళ్ళు నిజంగానే రెండడుగులు వెనక్కి వేసేవాళ్ళు.

శనివారాలు పిచ్చుక అట్లాసులు పెట్టే పెద్ద బల్ల కింద, ఆటకు వీపు పెట్టి కూర్చునేది. సీసా మూతలు వరసగా పేర్చుకునేది. గదంతా పడి పడి నవ్వుతుంటే ఒక్కసారి కూడా ఇటు తిరిగేది కాదు. కాకమ్మ ఊరుకుందా? ఒకసారి కాకితో బల్ల దగ్గరకే వెళ్ళి వంగి "కావ్!" అంది. పిచ్చుక చెవులు మూసుకుంది. ఇంకోసారి కాకి గొంతు తగ్గించి పాట పాడింది. పిచ్చుక మూతలు ఏరుకుని బల్ల అవతలి వైపుకు కాపురం మార్చేసింది. పుట్టిన రోజునుంచీ ఎత్తుకుని పెంచిన పిల్ల ఇలా వీపు చూపిస్తుంటే ఆమెకు ఎలా ఉంటుంది? నవ్వే పిల్లలందరిని చూసినా ఆమెకు ఆ ఒక్క వీపే కనిపించేది.

అలా ఉండగా లైబ్రరీ పెద్దసారుకు ఒక ఆలోచన వచ్చింది. పిచ్చుకలాంటి పిల్లల కథలు కూడా మన అరల్లో ఉండాలి, మన ఆటలో ఉండాలి అన్నాడు. మంచి ఆలోచనే. కాకమ్మ పుస్తకాలు తెప్పించింది. అట్టలు మెరిసిపోతున్న కొత్త పుస్తకాలు. చెల్లెలు ఒక మధ్యాహ్నం వాటి ముందు కూర్చుని, అన్నీ చదివి, పేర్చి, పక్కకు తోసింది.

"ఏమే, బాగాలేవా?" అంది కాకమ్మ.

"ఈ పుస్తకంలో పిల్లాడు లెక్కల్లో పులి. ఈ పిల్ల పియానో వాయిస్తుంది. వీడికేమో ఏమీ రాదు, కానీ వాళ్ళక్క బంగారుతల్లి. అన్నింట్లోనూ చివరి పేజీలో అందరూ కావలించుకుంటారు. నా కూతురు లెక్కల్లో పులి కాదక్కా, పిల్లి. కావలించుకుంటే దానికి ఊపిరాడదు. అది ఏ పేజీలో ఉందో చూపించు."

"కథన్నాక ముగింపు ఉండద్దూ?"

"ఉండాలి. మెడ చుట్టూ చేతులేస్తేనే ముగింపా?"

జవాబు తోచనప్పుడు కాకమ్మ విసుక్కుంటుంది, విసుక్కుంది. చెల్లెలు మాత్రం ఆ వారమే కొత్త బొమ్మ కుట్టుకొచ్చింది. బూడిదరంగు దుప్పటి ముక్కతో ముఖం, నల్ల ఊలు జుట్టు, చెవుల మీద గుండీలతో చేసిన హెడ్‌ఫోన్లు. పేరు తూనీగ. కథ కూడా తనే అల్లింది. బడాయి కాకి తూనీగతో స్నేహం చేద్దామని వస్తుంది. ఎదురుగా నిలబడి పాట పాడుతుంది, గంతులేస్తుంది, బోల్తా పడుతుంది. తూనీగ తిరగనైనా తిరగదు, గోడ ఫ్యాను వైపే చూస్తూ కూనిరాగం తీస్తుంటుంది. ఆఖరికి కాకి అలిసిపోయి పక్కన చేరి తనూ ఫ్యాను చూస్తుంది. "ఇప్పుడు బాగుంది" అంటుంది తూనీగ. కథ అక్కడితో అయిపోతుంది.

"ఇదేం కథే? బొమ్మ ఎవరినీ చూడకపోవడమేంటి? మసిగుడ్డ అంటారు జనం."

"అననీ" అంది చెల్లెలు. నీడలో ఒదిగే మనిషి అంత పొట్టిగా జవాబు చెప్పడం అదే మొదలు.

ఆ శనివారం చెల్లెలు తూనీగను చేతికి తొడుక్కుని, స్టూలు పక్కకు తిప్పి, ఫ్యాను ఉన్న పక్కగోడ వైపు ముఖం పెట్టి కూర్చుంది. "అదేం కూర్చోవడమే, గోడకి మొర పెట్టుకుంటున్నట్టు!" అని కాకమ్మ గొణిగింది. తను మాత్రం మామూలుగా ముందుకే కూర్చుని కాకిని ఆడించింది. కాకి పాడింది, గెంతింది, పడింది. తూనీగ ఫ్యాను చూస్తూ కూనిరాగం తీసింది. జాలీలోంచి కాకమ్మకు బల్ల కింద కదలిక కనిపించింది.

పిచ్చుక బయటికి వచ్చింది. పిల్లల మధ్యలోంచి ఎవరినీ తాకకుండా నడిచి, చట్రం ముందుకు వచ్చి, తూనీగకు జానెడు దూరంలో నిలబడింది. తూనీగ ఎటు చూస్తుందో అటే తిరిగి, తనూ ఫ్యాను చూసింది. తూనీగ రాగం తీస్తే తనూ తీసింది. మునివేళ్ళ మీద లేచి, చేతులు రెక్కల్లా ఆడించింది. ఆట అయిపోయేదాకా కదలలేదు.

ఆ తర్వాత ప్రతి శనివారమూ అదే. పిచ్చుక వచ్చేది, తూనీగ పక్కన నిలబడేది. ఒకనాడు చట్రం అంచు మీద ఒక సీసా మూత తెచ్చి పెట్టింది. ఆ చప్పుడు విని, తూనీగ తల తిప్పకుండానే ఆ మూత పక్కన ఇంకో మూత పెట్టింది. గదిలో ఎవరికీ అది పెద్ద విషయంగా కనిపించి ఉండదు. కాకమ్మకు మాత్రం కళ్ళలో కారం కొట్టినట్టయింది. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు, తూనీగకు కొమ్ములు కూడా లేవు, రెండు గుండీలు ఉన్నాయి. నా కాకిలో ఏం తక్కువ? నా గొంతులో ఏం తక్కువ? ఏళ్ళ తరబడి ప్రాణం పెట్టి ఆడించినా రాని పిల్ల, ముఖమైనా చూపించని ఈ దుప్పటి ముక్క దగ్గరకు ఎలా వెళ్తుంది?

కుళ్ళు మనిషిని ఎంతకు దిగజారుస్తుందో చూడండి. ఆట అయ్యాక బొమ్మలు సంచిలో సర్దేటప్పుడు కాకమ్మ తూనీగను అన్నింటికన్నా అడుగున, బోర్లా పెట్టేది. దాని గుండీ ఒకటి వదులైతే చూసి కూడా చెల్లెలికి చెప్పలేదు. పిల్లల్లో ఎవరో "తూనీగే బాగుంది" అంటే, వాడు తెచ్చిన పుస్తకం ఆలస్యమైందని గట్టిగా గుర్తుచేసింది.

అలాంటి రోజుల్లో చెల్లెలు స్నానాలగదిలో జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఫోను రాగానే కాకమ్మ నోరు "అయ్యో" అంది. ఆ అయ్యో కింద ఇంకో మాట కూడా ఉంది. అది "అమ్మయ్య". తను అలా అనుకున్నందుకు కాకమ్మ తనని తాను తిట్టుకుంది, తిట్టుకుంటూనే తూనీగను సంచిలోంచి పైకి తీసింది.

"అక్కా, ఎవరివైపూ తిప్పకు" అని చెల్లెలు ఆసుపత్రి మంచం మీదనుంచి మరీమరీ చెప్పింది. "ముఖ్యంగా దానివైపు అసలు తిప్పకు."

"నాకు నేర్పుతున్నావటే బొమ్మలాట?"

"నేర్పడం కాదక్కా. బతిమాలుకుంటున్నాను."

శనివారం మరిది పిచ్చుకను తీసుకొచ్చి లిఫ్టు దగ్గర కుర్చీలో కూర్చున్నాడు. కాకమ్మ ఎడమచేతికి కాకి, కుడిచేతికి తూనీగ తొడుక్కుంది. గోడ వైపు తిరగడం ఆమెకు చేతకాలేదు. జాలీకి ఎదురుగానే కూర్చుంది. కథ సగం నడిచేసరికి పిచ్చుక వచ్చి తన చోట తను నిలబడింది. జాలీకి అవతల ఆ పిల్ల చెంప, చెవి వెనక చెమటకు అంటుకున్న జుట్టు, బెత్తెడు దూరంలో. కాకమ్మ చూసింది. కన్ను ఎటో చెయ్యి అటు. చూపుడు వేలు దానంతట అదే తిరిగింది, తూనీగ పిచ్చుకను చూసింది.

అక్కడిదాకా అది అలవాటు చేసిన తప్పు. జీవితమంతా పిల్లల ముఖాలకు బొమ్మలను తిప్పిన వేలు అది, వెంటనే మాట వినమంటే వినదు. పిచ్చుక కొంచెం ఉలిక్కిపడింది కానీ వెనక్కి వెళ్ళలేదు. అప్పుడు పుట్టింది కాకమ్మకు ఆశ. ఇప్పుడు కనుక ఇది నన్ను చూస్తే! ఇన్నాళ్ళ కరువు తీరిపోతుంది. ఆ ఆశతో చేసింది మాత్రం అలవాటు చేసిన తప్పు కాదు, ఆమె చేసిందే.

"పిచ్చుకా! నా బంగారూ! ఇటు చూడమ్మా" అంది తూనీగ, చెల్లెలు ఏనాడూ పెట్టని తీయటి గొంతుతో. అంచు మీదనుంచి ముందుకు వంగి, రెండు చేతులూ చాచి, పిల్ల మెడ చుట్టూ వేసి కావలించుకుంది.

గదంతా "అబ్బా!" అంది. తల్లులు కళ్ళు ఒత్తుకున్నారు, ఫోన్లు పైకి లేచాయి. పిచ్చుక కర్రలా బిగుసుకుపోయింది. కాసేపటికి ఒక చెయ్యి పైకెత్తి, తూనీగ గడ్డం పట్టుకుని, తల మెల్లగా ఫ్యాను వైపుకు తిప్పింది. గుడ్డలోంచి ఆ చిన్న వేళ్ళు తన వేలును తిప్పుతున్నట్టు కాకమ్మకు తెలిసింది. తెలిసి కూడా ఆమె వేలు మళ్ళీ పిల్లవైపే తిప్పింది. అప్పుడు పిచ్చుక బొమ్మను వదిలేసింది. వంగి, జాలీకి దగ్గరగా ముఖం పెట్టింది. తూనీగతో కాదు, గుడ్డ వెనకున్న మనిషితో అంది.

"తలుపులు మూసుకుంటున్నాయి. దయచేసి దూరంగా నిలబడండి."

తర్వాత తండ్రి దగ్గరకు వెళ్ళి లిఫ్టు బటన్ నొక్కింది. గదిలో చప్పట్లు మోగిపోతున్నాయి.

ఆ చప్పట్లు చాలాదూరం వెళ్ళాయి. ఒక తల్లి తీసిన వీడియో ఫోన్లన్నీ తిరిగింది. మర్నాడు పెద్దసారు స్వయంగా పిల్లల విభాగానికి వచ్చి, ఆ కావలించుకునే చోట తనకు కళ్ళు చెమర్చాయన్నాడు. మిగతా శాఖలవాళ్ళను ఒక శనివారం పిలుస్తానని, వాళ్ళు చూసి నేర్చుకుంటారని అన్నాడు. ఇన్నాళ్ళలో బడాయి కాకికి ఆయన కళ్ళు ఎప్పుడూ చెమర్చలేదు. కాకమ్మ ఆ పొగడ్త తాగింది, తీయగానే ఉంది. గొంతు దిగాక మాత్రం ఎక్కడో అడ్డం పడింది, మింగలేదు, కక్కలేదు.

మరుసటి శనివారం పిచ్చుక చెప్పులు కనపడలేదు. ఇల్లంతా వెతికితే బట్టలు ఉతికే మెషిన్‌లో దొరికాయి. ఆ పై శనివారం చెప్పులు దొరికాయి కానీ పిచ్చుక మంచం కిందనుంచి రానంది. ఇల్లు, బడి కాకుండా ఆ పిల్ల ఇష్టపడి వెళ్ళే చోటు లోకంలో ఆ లైబ్రరీ ఒక్కటే. చెల్లెలికి కారణం తెలియలేదు. ఎవరో చుట్టాలావిడ కన్నీళ్ళ ఎమోజీలు పెట్టి ఆ వీడియో పంపేదాకా తెలియలేదు.

చెల్లెలు కట్టు కట్టిన చేత్తోనే మెట్లెక్కి పై వాటాకు వచ్చింది.

"ఇదేంటక్కా?"

"అందరూ మెచ్చుకున్నారు కదే" అంది కాకమ్మ, చూపు తప్పించి.

"అందరికీ నచ్చింది. దానికి తప్ప. ఎవరికోసం కుట్టిన బొమ్మ అది?"

"కథన్నాక..."

"కథ సంగతి నాకు చెప్పకు. అది నీ వేలు తిప్పింది. రెండో మాటు కూడా దానివైపే తిప్పావు. వీడియోలో కనబడుతోంది. ఎందుకు?"

కాకమ్మ దిండు గలీబు సర్దడం మొదలుపెట్టింది. సర్దడానికి అందులో ఏమీ లేదు. చివరికి కట్ట తెగింది.

"ఎందుకా? కుళ్ళు! నాకు కుళ్ళు. అర్థమైందా? నా కాకి వైపు ఒక్కసారి తిరిగిందా అది? రాత్రనక పగలనక ఎత్తుకుని తిరిగానే. నేను పిలిస్తే వీపు పెడుతుంది, నిన్నగాక మొన్న నువ్వు కుట్టిన గుడ్డముక్క పక్కన నిలబడి పాటలు పాడుతుంది. ఒక్కసారి నన్ను చూస్తుందేమోనని చేశాను. బొమ్మ మీద కుళ్ళు నాకు. నవ్వుకో."

చెల్లెలు నవ్వలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"దాని గోళ్ళు ఎవరు తీస్తారు?"

"నేను. ఏం?"

"నన్ను వేలు పట్టుకోనివ్వదు. వాళ్ళ నాన్ననీ పట్టుకోనివ్వదు. నీ దగ్గరకొచ్చి చెయ్యి చాపి కూర్చుంటుంది, అటెటో చూస్తూ. అది నీకు లెక్కలోకి రాదు. నీకు చప్పట్లు కావాలి, కళ్ళలోకి చూడాలి." చెల్లెలి గొంతు దిగింది. "తూనీగ తనని చూడదనే అది వచ్చిందక్కా. చూడకుండా పక్కన ఉండేవాళ్ళు దానికెవరున్నారు? నేను కూడా పొద్దస్తమానం చూస్తూనే ఉంటాను. తిన్నదా, పడుతుందా, అరుస్తుందా అని. దానికి ఎంత విసుగో."

కాకమ్మకు ఏడుపొచ్చింది. ఏడుపు వస్తే ఆమె ముక్కు తుడుచుకుని పని మాట ఎత్తుకుంటుంది. "సరే. ఎలా తిప్పకుండా ఉండాలో చూపించు. శాఖలవాళ్ళు వచ్చే శనివారానికి నీ కట్టు విప్పరు. నేనే ఆడించాలి."

ఆ వారమంతా బీరువా అద్దం ముందు పాఠం. గురువు చెల్లెలు, శిష్యురాలు అక్క. ముందుకు కూర్చుంటే చాలు, కాకమ్మ వేలు అద్దంలో తన ముఖంవైపే తిరిగిపోయేది. "మళ్ళీ చూసింది!" అనేది చెల్లెలు. "లేదు!" "అద్దం అబద్ధం చెబుతుందా?" ఆఖరికి చెల్లెలు స్టూలు పట్టుకుని గోడవైపుకు తిప్పేసింది.

"నువ్వు చూడనంతసేపూ నీ వేలు చూడదు. గోడనే చూడు."

"మరి జాలీలోంచి కనపడదు కదే. అది వచ్చిందో రాలేదో ఎలా తెలుస్తుంది?"

"తెలియదు."

"తెలియకుండా ఎలా ఆడించేది?"

"నేను అలాగే ఆడించాను" అంది చెల్లెలు. "అది తూనీగ పక్కన ఎలా నిలబడుతుందో నేను ఇప్పటిదాకా చూడలేదు. వీడియోలో చూసిందే మొదటిసారి."

కాకమ్మ కడుపు మండించుకుంటూ ప్రతి శనివారం చూసిన దృశ్యాన్ని, కన్నతల్లి ఒక్కసారి కూడా చూడలేదన్నమాట.

శనివారం వచ్చింది. చెల్లెలు పొద్దున్నే పిచ్చుకకు చెప్పింది, "ఇవాళ తూనీగ ఫ్యానునే చూస్తుంది. పెద్దమ్మ ఒప్పుకుంది." పిచ్చుక అవునూ అనలేదు, కాదూ అనలేదు. వాళ్ళు బయల్దేరారో లేదో తెలియకుండానే కాకమ్మ నల్లగుడ్డ వెనక చేరింది. గదిలో కొత్త గొంతులు, కుర్చీలు జరిపే చప్పుడు. పెద్దసారు గుడ్డ పక్కనుంచి తల దూర్చాడు.

"మేడం, ఆ సీను మర్చిపోకండి. అందరూ దానికోసమే వచ్చారు."

"ఆ సీను లేదండి."

"అదేంటి! ఎంత దూరంనుంచి వచ్చారనుకున్నారు?"

"దూరంనుంచి వచ్చారు కాబట్టి కూర్చోమనండి" అని కాకమ్మ స్టూలు గోడవైపు తిప్పుకుంది.

కాకికి నవ్వులు బాగానే పడ్డాయి. ఎడమచేతి కాకికి ఆ స్వేచ్ఛ ఉంది, తను చూడకపోయినా అది గదంతా కలయజూడగలదు. కుడిచెయ్యి మాత్రం కదలకూడదు. కాకమ్మ గోడనే చూసింది. ఫ్యాను చట్రానికి బూజు పట్టింది. అది ఎడమకు తిరిగి కాసేపు ఆగి, ఏదో మరిచిపోయినట్టు కుడికి తిరుగుతోంది. ఇన్నేళ్ళుగా ఈ గదిలో ఉన్నా ఆమె ఆ ఫ్యాను వంక ఎప్పుడూ చూసి ఎరగదు. చూడగా చూడగా అదీ ఒక ఆటలాగే ఉంది. కానీ మనసు ఫ్యాను మీద లేదు. వచ్చిందా? బల్ల కింద ఉందా? మంచం కిందే ఉండిపోయిందా? తల ఇంత, ఇంతే ఇంత తిప్పితే తెలిసిపోతుంది. మెడ నరాలు లాగుతున్నాయి. గదిలో ఎవరో చిన్నపిల్లాడు "ఎప్పుడు కావలించుకుంటుందమ్మా?" అని అడిగాడు. పెద్దసారు దగ్గాడు.

తూనీగ కూనిరాగం తీస్తూనే ఉంది. ఎంతసేపటికో ఆ రాగం కింద ఇంకో రాగం వినిపించింది.

వచ్చింది. నల్లగుడ్డకు అవతల, తనూ ఫ్యాను వైపే తిరిగి నిలబడి ఉంది. కాకమ్మ తల తిప్పలేదు. అప్పుడు గుడ్డ లోపలికి వంగింది. కాకమ్మ పైకెత్తి పట్టుకున్న చేతికింద, భుజంనుంచి పక్కటెముకలదాకా, ఒక బరువు వచ్చి ఆనింది. చిన్న బరువే, వెచ్చగా ఉంది. తడిమి చూడలేదు, తోయలేదు, ఊరికే ఆనుకుంది. గుడ్డ వెనక ఎవరున్నారో ఆ పిల్లకు బాగా తెలుసు. పోయిన మాటు జాలీ దగ్గరకు వంగి మరీ చెప్పి వెళ్ళింది. తెలిసే ఆనుకుంది.

తిరిగి చూడు, తిరిగి చూడు అని ఒళ్ళంతా గోల పెట్టింది. కాకమ్మ ఫ్యానునే చూసింది. కళ్ళలో నీళ్ళకు ఫ్యాను మసకబారింది. కాకి అలిసిపోయి తూనీగ పక్కన చేరింది. "ఇప్పుడు బాగుంది" అంది తూనీగ. ఆ మాట అన్న గొంతు ఆమెదిలా లేదు.

చప్పట్లు ముక్తసరిగా పడ్డాయి. వచ్చినవాళ్ళు ఫలహారం ఎక్కడని అడుగుతూ లేచారు. పెద్దసారు వాళ్ళ వెంట వెళ్ళిపోయాడు. కాకమ్మ గుడ్డ వెనకనుంచి బయటికి వచ్చేసరికి పిచ్చుక అప్పటికే బల్ల కింద, వీపు ఇటు పెట్టి, మూతలు పేర్చుకుంటోంది. వెనక వరసలో చెల్లెలు కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఇంకా కూర్చునే ఉంది. అందరూ వెళ్ళాక లేచి దగ్గరకు వచ్చింది.

"ఆనుకుంది. చూశావా?"

"చూడలేదు. తెలిసింది."

"ఒళ్ళంతా వదిలేసి ఆనుకుంది. నేను ఆడించినన్నాళ్ళూ ఒక్కసారి కూడా గుడ్డను తగల్లేదక్కా. నామీద ఎప్పుడూ అలా ఆనుకోలేదు. ఇంట్లో కూడా."

నవ్వుతూనే అంది. కానీ అంటున్నంతసేపూ ఆమె చూపు కాకమ్మ కుడిచేతి మీదే ఉంది, ఇంకా విప్పని తూనీగ మీద. ఆ చూపు కాకమ్మకు కొత్త కాదు. ఇన్నాళ్ళూ తన ముఖం మీద ఉన్నది అదే. ఒక్క మాట అంటే చాలు, చెల్లెలి కడుపు చల్లబడుతుంది. "అది ఆనుకున్నది నామీద కాదే, తూనీగ మీద" అనాలి. నిజం కూడా అదే కావచ్చు, ఆ పిల్ల మనసులో ఏముందో ఎవరు చూశారు? ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

కాకమ్మ అనలేదు. తూనీగను చేతినుంచి మెల్లగా తీసి సంచిలో అన్నింటికన్నా పైన పెట్టి, చెల్లెలు ఎత్తుకోబోతుంటే ఆ సంచి తనే భుజానికి తగిలించుకుంది.